బోర్లించిన గ్లాసు

ఎరుపు ఎక్కువైంది. జగ్గులోంచి గ్లాసులోకి దిగుతున్నప్పుడే అనిపించింది, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే మరీ అనిపించింది, తోమిన రాగి రంగు రావాలి దీనికి, ఇదేమో కోపమొచ్చినవాడి చెవిలాగా ఉంది. రై గింజ ఇంత ఎరుపివ్వదు. రై అంటే గోధుమకి చుట్టం, బూడిదరంగు గింజ, మొండిది, నీళ్ళలో పడితే జిగురు కడుతుంది, నాలుక మీద మిరియంలా పొడుస్తుంది, రంగు మాత్రం ఇవ్వదు. రంగు కోసం బాగా వేయించిన బార్లీ ఓ గుప్పెడు వేస్తారు, ఆ గుప్పెడుకే ఇంత ఎరుపొస్తే నేను ఇన్నేళ్ళూ ఈ బీరు బట్టీలో కళ్ళు మూసుకుని తిరిగినట్టే. ఏం కలిపాడు మరి? బీట్‌రూట్ పిండాడా, పంచదార మాడ్చి పోశాడా? అడిగితే చెప్తాడు. నవ్వుతూ చెప్తాడు. అదే నాకు పడదు, మా అల్లుడు ఏదడిగినా నవ్వుతూ చెప్తాడు, పెళ్ళినాడూ అంతే, నిన్నా అంతే. దాచడానికి ఏమీ లేని మనిషికి అంత నవ్వెందుకు?

మొదటి గుక్క చల్లగా ఉండగానే తాగాలి. తాగాను. మిరియం వచ్చింది, సరే, అది రై మాట, దాని వెనకాల కాల్చిన రొట్టె అంచు, అదీ సరే, తర్వాత హాప్స్ పువ్వు చేదు నాలుక వెనక్కి వెళ్ళి కూర్చుంది, కూర్చోనీ. కానీ వీటన్నిటికంటే ముందు, పెదవి గ్లాసుకి తగిలీ తగలకముందే, ఇంకేదో వచ్చి వెళ్ళింది, గుమ్మందాకా వచ్చి పేరు చెప్పకుండా తిరిగిపోయిన మనిషిలాగా. నూనె లాంటిది. పాతబడ్డ నూనె. గింజ పాతదైతే వస్తుంది అలాంటి వాసన, గోదాం మూలన మరిచిపోయిన బస్తా విప్పితే వస్తుంది. పాత గింజ వీడికెవరైనా అంటగట్టారా, చవగ్గా దొరికిందని వీడే తెచ్చాడా? నురగ సంగతీ అలాగే ఉంది. రై వేసిన బీరుకి నురగ మొండిగా నిలబడాలి, చెంచాతో తీసి పక్కన పెట్టేంత చిక్కగా ఉండాలి, ఆ జిగురంతా మరెందుకు? ఇది పోసినప్పుడు రెండు వేళ్ళ మందాన లేచింది, నేను చూస్తుండగానే కూర్చుంది, చూస్తుండగానే చిరుగులు పడింది, ఇప్పుడు అంచు చుట్టూ తెల్లదారంలాగా మిగిలింది. ఎక్కడో ఏదో ఉంది. లేకుండా ఇలా ఉండదు.

గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాను. ఇక చలి దిగేదాకా ముట్టుకోకూడదు. చల్లగా ఉన్నప్పుడు ఏ బీరైనా మర్యాదగానే ఉంటుంది, అద్దెకి దిగిన కొత్తలో మనుషుల్లాగా, వెచ్చబడే కొద్దీ అసలు గుణం బయటపెడుతుంది. ఇది పెద్దాయన పెట్టిన పద్ధతి, అంటే ఇప్పటి ఓనరమ్మ వాళ్ళ నాన్న. పీపాలు కడిగే పనికి చేరాను నేను, పీపాలో తల దూర్చి వాసన చూసి కొన్నిటిని పక్కకి దొర్లించేసేవాణ్ణి, అది చూసి ఇలా రావయ్యా అని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు ఆయన, కొత్తగా కాచింది ఏదైనా ముందు నాకు పోయించేవాడు. ఎలా ఉంది అంటే నీళ్ళు నమిలేవాణ్ణి. మాట రాక కాదు, ఒకసారి బయటికి పోయిన మాటని ఎవడు ఎక్కడికి మోసుకుపోతాడో అని. చివరికి ఆయనకి ఒళ్ళు మండింది. "నీ నోట్లోంచి మాట లాగే బదులు నూతిలోంచి దూడని లాగొచ్చు. బాగుంటే గ్లాసు ఎలా ఉన్నది అలా ఉంచు. బాగాలేకపోతే బోర్లించి నీ దారిన నువ్వు పో," అన్నాడు. అప్పట్నుంచీ అంతే. నిలబడ్డ గ్లాసంటే అమ్మకానికి పెద్ద తొట్టిలో కాయడం, బోర్లించిన గ్లాసంటే కాలవలో పొయ్యడం. ఎందుకని ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ముక్కాయన అంటారు నన్ను, నా వీపు వెనక.

గ్లాసు కూడా నాదే. ఇక్కడి గ్లాసులు ముట్టను, దేంతో కడుగుతారో ఎవరు కడుగుతారో ఎవడికి తెలుసు, సబ్బు చుక్క మిగిలినా బీరు చచ్చిపోతుంది. ఇంటినుంచి తువాలులో చుట్టి తెచ్చుకుంటాను, తువాలులో చుట్టి పట్టుకుపోతాను. పొడుగ్గా, నడుము సన్నగా, మూతి కాస్త విచ్చుకుని ఉంటుంది, పెద్దాయన చేతి మీదుగా వచ్చింది. ఇన్నేళ్ళలో అంచు పగల్లేదు, గీత పడలేదు.

ఈసారి బోర్లిస్తే కాలవలోకి పోయేది బీరొక్కటే అయితే ఇంతసేపు ఆలోచించేవాణ్ణి కాదు. వేరే ఊళ్ళో పెద్ద బట్టీవాళ్ళు మా అల్లుణ్ణి రమ్మంటున్నారు. ఓనరమ్మ ఏమందంటే, నువ్వు సొంతంగా ఒకటి కాచి చూపించు, మా బాబాయ్ గ్లాసు నిలబెడితే పెద్ద తొట్టి నీకే అప్పగిస్తాను, ఇక్కడే ఉండు, లేకపోతే నిన్ను పట్టుకుని వేలాడను అంది. బాబాయ్ అంటే నేను. వీడు వెళ్తే మా అమ్మాయి వెళ్తుంది, మా అమ్మాయి వెళ్తే మా ఆవిడా వెళ్తుంది, ఎందుకంటే వానలు మొదలైన దగ్గర్నుంచి మా ఆవిడ ఉండేది వాళ్ళింట్లోనే. రెండు వీధుల అవతల. రెండు వీధులంటే, ఏదో ఒక రోజు ఏదో ఒక వంక పెట్టుకుని రావచ్చు. వేరే ఊరంటే వంకలు అంతదూరం నడవలేవు. ఇదంతా అందరికీ తెలుసు. తెలిసే నా ముందు గ్లాసు పెట్టారు. నిలబెడితే, పెళ్ళాం కోసం నిలబెట్టాడంటారు. బోర్లిస్తే, పెళ్ళాం మీద కోపంతో అల్లుడి కడుపు కొట్టాడంటారు. ఈ ఉచ్చు ఎవరు పన్నారో గానీ గట్టిగానే పన్నారు. మా అమ్మాయా? దానికంత నేర్పు లేదు, ఏ విషయం దాచినా చెవులు ఎర్రబడతాయి. మా ఆవిడా? ఆవిడకుంది నేర్పు. కానీ ఓపిక లేదు, నా విషయంలో ఎప్పుడో అయిపోయింది.

నీళ్ళ గొట్టాలు చూసే మనిషి, గొట్టాలాయన అంటాం, నేల కడుగుతున్నాడు. మొన్న కడిగాడు, నిన్న కడిగాడు, అన్నం తిన్నాక మళ్ళీ ఇప్పుడెందుకు కడుగుతున్నట్టు, అదీ నా బల్ల చుట్టుపక్కల? నీళ్ళ చప్పుడు చాటున చెవులు రిక్కించి ఉన్నాడు, నాకు తెలీదా. గొట్టం ఒక చేత్తో, నడుం మీద ఒక చేత్తో వచ్చి నిలబడి, "ఏం గురూగారూ, బల్ల మీద బోర్లిస్తారా, ఏకంగా అల్లుడుగారి నెత్తి మీదేనా?" అన్నాడు. వాడి వంక చూశాను. "నాకెందుకులెండి, మామా అల్లుళ్ళ మధ్య నీళ్ళు కూడా పొయ్యకూడదు," అని మళ్ళీ గొట్టం అందుకున్నాడు, నీళ్ళు మాత్రం నా కాళ్ళ కిందికే వచ్చాయి. ఓనరమ్మ ఉండాల్సిన మనిషి, జగ్గు తెచ్చి పెట్టగానే, టీ తాగొస్తాను బాబాయ్, నీ సంగతి నాకు తెలుసుగా, తొందర లేదు, అని వెళ్ళిపోయింది. ఎప్పుడూ వెళ్ళదు. ఎప్పుడూ ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంది. జగ్గు మీద పళ్ళెం మూత పెట్టారు, అదీ ఎప్పుడూ లేదు. ఏం ఎగిరిపోతుందని మూత? పీపా దగ్గర పట్టి నేరుగా తేకుండా లోపల గదిలోంచి తెచ్చారు. పట్టింది నేను చూశానా? ఎక్కడిదో మంచి బీరు తెచ్చి ఇందులో పోసినా నాకేం తెలుస్తుంది, కానీ మంచి బీరైతే ఈ నూనె ఏమిటి, ఈ చచ్చిన నురగ ఏమిటి. మోసం చేసేవాడైనా మంచిగా చేస్తాడు కదా. లేకపోతే నన్నే పరీక్ష చేస్తున్నారా? ముసలాడి ముక్కు ఇంకా పనిచేస్తుందో లేదో చూద్దాం, ఓ చుక్క నూనె వేసి ఇద్దాం, నిలబెట్టాడంటే ముక్కు పోయినట్టే, ఇంట్లో కూర్చోబెడదాం అని. ఆ మాట తోచగానే వెన్ను నిటారు చేసి కూర్చున్నాను, ఎవరైనా చూస్తున్నారేమో అని.

అల్లుడు రాగి బాన పక్కన నిలబడి, తుడిచిందే తుడుస్తున్నాడు. ఇటు చూడడు. చూడకూడదని నియమం ఏమీ లేదే. నవ్వడం లేదు కూడా. ఎప్పుడూ నవ్వేవాడు ఇవాళ నవ్వడం లేదంటే, నవ్వినా అనుమానమే నవ్వకపోయినా అనుమానమే, అని నాలో నేను అనుకుంటుంటే ఆ మాట మా ఆవిడ గొంతుతో వినపడింది. ఆవిడ మాటే అది. "నేను నవ్వినా మీకు అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే, పోనీ ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి, అది చేస్తాను," అంది, సంచిలో బట్టలు సర్దుతూ. నేనేం అన్నానని? ఒక్క మాట అడిగాను. బయటికెళ్ళి వచ్చిన మనిషి పక్కనుంచి వెళ్తే నాకు చెప్పకుండానే తెలిసిపోతుంది, ఇది కాఫీ కొట్టు, ఇది పక్కింటావిడ వంటగది, ఇది బస్సు. కొత్తలో ఆవిడకి అది పెద్ద ఆట. రాగానే చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, చెప్పండి చూద్దాం, ఎక్కడికెళ్ళానో, అనేది, నేను చెప్పేవాణ్ణి, పడీ పడీ నవ్వేది, అక్కచెల్లెళ్ళ ముందు కూడా ఆడించేది. ఎప్పుడు ఆట మానిందో తెలీదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను, చెయ్యి ఇవ్వకపోయినా. వానలు మొదలైన వారంలో ఒక రోజు కొత్త వాసన. ఏదో తెల్లపువ్వు, మా ఇంట్లో ఎప్పుడూ లేనిది. ఏం సబ్బు అన్నాను. కొత్తది అంది. ఎవరిచ్చారు అన్నాను. నేనే కొనుక్కున్నాను అంది. ఎందుకు అన్నాను. అదే నేనడిగిన ఒక్క మాట, ఎందుకు. ఆవిడ తడిచేతులు తుడుచుకోకుండా నా ముందు నిలబడింది, "నాకోసం," అంది. సరే, అక్కడితో ఆగొచ్చు. మర్నాడు కూడా అడిగాను. ఇంతకాలం లేని సరదా ఇప్పుడెందుకు పుట్టిందో తెలుసుకోవాలని ఉండదా మనిషికి?

కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకింది. గ్లాసు చెమట పట్టడం ఆగింది, చలి దిగుతోంది. ఎండ తగిలితే ఎరుపు తగ్గి రాగి వచ్చింది కాస్త, అడుగున గోధుమ ఛాయ కూడా కనపడుతోంది, అయితే రంగుదేముంది, రంగు ఎవడైనా తెస్తాడు. నేను నురగ చూస్తున్నాను. ఇప్పుడా దారం కూడా లేదు. ఇంకోటి ఏమిటంటే, గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుని ఉన్నాయి. పైకి పోవాల్సిన బుడగలు పోకుండా అక్కడక్కడ గుంపులుగా గోడ పట్టుకుని వేలాడుతున్నాయి, వర్షానికి చూరు కిందికి చేరిన జనంలాగా. ఇది చూస్తే చాలు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎక్కడైనా కొట్లో ఇలాంటి గ్లాసు ఇస్తే, తాగకుండా వెనక్కి తోసేసేవాణ్ణి, మా ఆవిడ తల దించుకునేది. బుడగలు గోడకి అంటుకున్నాయంటే గోడ శుభ్రంగా లేదని. జిడ్డుంటే బుడగ అక్కడ అతుక్కుంటుంది, జిడ్డుంటే నురగ నిలవదు. ఆమాత్రం తెలిసినవాణ్ణే. తెలిసి ఇంతసేపు ఎందుకు అనుకోలేదంటే, అది నా గ్లాసు. నా గ్లాసు మురికిగా ఉండదు. కాబట్టి ఎవరో ముట్టుకున్నారు. ఎవరు? తువాలు విప్పింది నేను. బల్ల మీద పెట్టింది నేను. నేను బస్తాలవైపు తిరిగి చెప్పులు వదులుతుంటే ఆ కాసేపట్లో గొట్టాలాయన గానీ, జగ్గు పెట్టడానికి వంగిన ఓనరమ్మ గానీ, లేదా అక్కడినుంచి ఇక్కడికి ఓసారి వచ్చిపోయిన అల్లుడు గానీ. ముగ్గురినీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని నా ముందు నిలబెట్టి వాసన చూశాను, మనసులోనే. గొట్టాలాయన చేతులు రబ్బరు వాసన. ఓనరమ్మది టీ, ఇంకా ఏదో అత్తరు. వీడిది హాప్స్, పొద్దున్నుంచీ అందులోనే ఉన్నాడు. నూనె ఎవరి దగ్గరా లేదు.

గ్లాసు మీదికి వంగాను. బుడగలు ఊరికే చెదిరి లేవు. ఒక వరసలో ఉన్నాయి. ఎడమనుంచి కుడికి పైకి లేస్తూ వంపు తిరిగి, మళ్ళీ అదే వంపు, మళ్ళీ అదే, లోపల గుడ్డ పెట్టి తిప్పినప్పుడు మణికట్టు ఎలా తిరుగుతుందో అలా. సన్నటి నడుం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాయి, గీత గీసినట్టు. నడుం కింద ఒక్క బుడగ లేదు. కింద గోడ అద్దంలాగా ఉంది, బుడగలు అడుగునుంచి తిన్నగా, సన్నగా, పూసలు గుచ్చినట్టు లేచి నడుం దాటగానే జిడ్డులో చిక్కుకుంటున్నాయి. అంటే తుడిచిన చెయ్యి నడుం దగ్గర ఆగిపోయింది. లావు చెయ్యి. కుడిచెయ్యి తిరగక ఎడమచేత్తో తుడిచే మనిషి చెయ్యి. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి, వాటి వంక చూడ్డానికి కొంచెం సేపు పట్టింది. పీపా కమ్మీ జారి కుడి మణికట్టు విరిగినప్పట్నుంచీ నేను ఏది తుడిచినా ఎడమచేత్తోనే తుడుస్తాను.

పొద్దున వంటింట్లో. గ్లాసు అలమారలోంచి తీశాను, దుమ్ము కనపడింది, ఆవిడ వెళ్ళాక దాంతో పని పడటం ఇదే మొదలు. కుళాయి కింద పట్టాను. తుడవాలి కదా, పొయ్యి పక్కన మేకుకి గుడ్డ వేలాడుతోంది, తీసి లోపల కుక్కి తిప్పాను. ఆ గుడ్డతోనే నిన్న పెనం దించాను. ఆ గుడ్డతోనే మొన్న ఒలికిన నూనె తుడిచాను, ఆవిడ వెళ్ళాక ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే గుడ్డ, అది ఏం తుడుస్తుందో ఏం పూస్తుందో నేనెప్పుడు చూశాను. ఊరందరి చేతులూ వాసన చూసే ముక్కు నా వంటింట్లో గుడ్డ వాసన చూళ్ళేదు. ఒంటరిగా ఉన్న ఇంట్లో ఎవరిని అనుమానించాలో తెలీక హాయిగా తిరుగుతున్నాను కాబోలు. అయితే మరి ఇన్నేళ్ళూ ఆవిడ దాన్ని ఎలా కడిగింది? ఈ బట్టీనుంచి ఇంటికెళ్ళి తువాలు మూట ఆవిడ చేతికిచ్చేవాణ్ణి, మళ్ళీ ఎప్పుడు కావాలంటే అప్పుడు అలమారలో మెరుస్తూ ఉండేది. మధ్యలో ఏం జరిగేదో నాకు తెలీదు. ఒకసారి మాత్రం అడిగాను, దేంతో కడుగుతున్నావే దీన్ని అని, నా అడగడం ఎలా ఉంటుందో అలాగే అడిగి ఉంటాను. "మీ అనుమానంతో. ఇంట్లో అదే కావల్సినంత ఉంది," అని చక్కా పోయింది. అదే నా దగ్గరున్న జవాబు.

ఇప్పుడు నా ముందు తేలికైన దారి ఒకటుంది. బోర్లించెయ్యొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. బీరు కాలవలోకి, అల్లుడు వేరే ఊరికి, వాడి వెనక వాళ్ళు, నా గ్లాసు నాతో ఇంటికి, మేకుకి వేలాడే గుడ్డ దగ్గరికి. ఇంకో దారి, తాగకుండానే నిలబెట్టెయ్యొచ్చు. అదీ ఎవరూ అడగరు. కానీ తాగని దానికి నిలబెట్టడం ఈ బల్ల దగ్గర ఎప్పుడూ చెయ్యలేదు, పెళ్ళాం కోసం చేశాడన్నది అప్పుడు నిజమే అవుతుంది. మూడో దారికి నోరు కావాలి.

"ఏమయ్యా," అన్నాను.

గుడ్డ పట్టుకున్న అల్లుడి చెయ్యి ఆగింది. గొట్టాలాయన గొట్టం నొక్కి పట్టాడు, నీళ్ళు ఆగిపోయాయి. ఈ బల్ల దగ్గర నా గొంతు వినడం వాళ్ళకి అలవాటు లేదు, నాకూ లేదు.

"మీ అత్తగారికి ఫోన్ చెయ్యి."

"ఇప్పుడా మామయ్యగారూ?"

"ఇప్పుడే."

చేశాడు. ఏం చెప్పాలో తెలీక, "అత్తయ్యా, మామయ్యగారు మాట్లాడతారట," అని దాన్ని బల్ల మీద గ్లాసు పక్కన పెట్టాడు, అందరికీ వినపడేటట్టు. ఎలా తగ్గించాలో నాకు తెలీదు. అవతల గాజుల చప్పుడైంది. ఆ చప్పుడు ఎవరిదో వాసన చూడకుండానే గుర్తుపట్టాను.

"నా గ్లాసు," అన్నాను, "దేంతో కడిగేదానివి?"

"ఏం, ఇప్పుడు దాని మీద కూడా అనుమానమేనా మీకు?"

"కాదు. తెలీక అడుగుతున్నాను."

గొట్టాలాయన గోడకేసి తిరిగి గోడ చదువుతున్నాడు.

"దేంతో కడిగారు మీరు?" అంది.

"పొయ్యి పక్కన గుడ్డతో తుడిచాను."

"ఆ గుడ్డతోనా?" అంది, ఆ గొంతు ఎంత పైకి లేచిందంటే రాగి బాన మోగింది. "వెళ్ళేటప్పుడే అనుకున్నాను దాన్ని ఉడకబెట్టాలని. సబ్బు తగలనివ్వకూడదు, గుడ్డ తగలనివ్వకూడదు. కల్లుప్పు, వేణ్ణీళ్ళు. ఉప్పు వేసి వేళ్ళతో రుద్దాలి, అడుగుదాకా."

"నా చెయ్యి దూరదు."

"మీది దూరదు. అబ్బాయికివ్వండి."

నా దగ్గరికొచ్చాక ఆ గ్లాసు మా ఆవిడ చెయ్యి, నా చెయ్యి తప్ప మూడో చెయ్యి ఎరగదు. అందులో ఉన్నదాన్ని నేనే కాలవలో పారబోశాను, వాడి ముఖం వంక చూడకుండా, తర్వాత గ్లాసు వాడి ముందు చాపాను. వాడు తీసుకునేముందు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. గొట్టాలాయన తన డబ్బాలోంచి ఉప్పు పొట్లం తెచ్చాడు, ఉడికించిన గుడ్డుతో తినడానికి తెచ్చుకునేది, "నా గుడ్డు చప్పగా తిన్నా ఫర్వాలేదు," అంటూ. బాన దగ్గర వేణ్ణీళ్ళకి కొదవలేదు. వాడి చెయ్యి సన్నటిది, నడుం దాటి అడుగుదాకా పోయింది, లోపల ఉప్పు కరకరమంది. తొందరపడలేదు. వాడు రుద్దుతుంటే ఊరికే ఉండలేక అడిగాను, ఆ ఎరుపు ఎక్కడిదయ్యా అని. "రై గింజనే వేయించాను మామయ్యగారూ. అందరూ బార్లీ వేయిస్తారు కదా, నేను రైనే వేయించి వేశాను," అన్నాడు. నవ్వకుండా చెప్పాడు. రై గింజ వేయించవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇంతసేపు బీట్‌రూట్ పిండాను నేను, నా బుర్రలో.

"కడిగాడా?" అంది ఫోను.

"కడిగాడు."

"తుడవకండి. బోర్లించి వదిలెయ్యండి."

వాడు విన్నాడు. గ్లాసు పట్టుకుని చెక్క మీదికి వంగి అక్కడే ఆగిపోయాడు. ఈ బల్ల మీద తన బీరు పోసిన గ్లాసుని తనే బోర్లించడానికి చెయ్యి రావడం లేదు, నీళ్ళు మోచేతిదాకా కారుతున్నాయి. ఇన్నేళ్ళూ నేను ఇక్కడ బోర్లించినా, నిలబెట్టినా, ఆ గ్లాసుని ఆవిడ ఇంట్లో మళ్ళీ బోర్లించేదన్నమాట, మర్నాటికి పనికొచ్చేలాగా. "బోర్లించవయ్యా," అన్నాను. "ఆరడానికి." పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఓనరమ్మ టీ కప్పుతో లోపలికొచ్చింది, చెక్క మీద బోర్లించి ఉన్న గ్లాసు చూసింది, కప్పు సాసరులో గలగలమంది.

"అయ్యో బాబాయ్," అంది. "అంత ఘోరంగా ఉందా?"

"ఆరుతోందమ్మా," అన్నాను.

ఆమెకేమీ అర్థం కాలేదు. గొట్టాలాయన వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు, ఒకదానికి నాలుగు కలిపే చెప్పుంటాడు, ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. అది చూశాక నాకు కొంచెం స్థిమితంగా అనిపించింది. గ్లాసు అంచునుంచి నీళ్ళు చెక్కలోకి దిగుతున్నాయి. ఎవరూ ఫోను ముట్టుకోలేదు. అవతల గిన్నె చప్పుడైంది, కుర్చీ జరిగిన చప్పుడైంది, తర్వాత ఊపిరి. ఆవిడ పెట్టెయ్యలేదు. నేను ఏదైనా అడగాలేమో, సబ్బు సంగతి కాదు, ఇంకేదైనా, వానలు ఎలా ఉన్నాయని, రెండు వీధుల అవతల కురిసేదీ ఇదే వాన అని తెలిసినా. అడగలేదు. ఫోనులో వాసనలు రావు, అందుకనేమో ఆవిడ అంతసేపు ఉండగలిగింది. అల్లుడు పళ్ళెం మూత తీసి జగ్గు పట్టుకుని నిలబడ్డాడు. మూత ఎందుకంటే దోమలు, అన్నాడు నేనడక్కుండానే.

ఆరింది. నేనే తిప్పాను. వాడు పోశాడు, గ్లాసు కాస్త వంచి, చివర్లో నిటారు చేసి, సరిగ్గానే. నురగ లేచింది, రెండు వేళ్ళ మందాన, మీగడ రంగులో, కూర్చుంటుందేమో అని చూశాను, కూర్చోలేదు. ఇంకా చూశాను. గోడలకి ఒక్క బుడగ లేదు. చలి ఎప్పుడో దిగిపోయింది, దానికి మర్యాదలు చూపించే వయసు దాటింది, అయినా మిరియం అక్కడే ఉంది, వెచ్చగా, రొట్టె అంచు మాడీ మాడకుండా ఆగిన చోట ఆగింది, నూనె లేదు, ఎక్కడా లేదు, దాని బదులు గింజ తీపి ఒకటి అడుగునుంచి మెల్లగా పైకొచ్చింది. రెండో గుక్క. మూడో గుక్కకి చివర్లో చేదు నాలుకని పట్టుకుని వదల్లేదు, వదలాల్సిన చోట వదల్లేదు, అది చూసుకోవాలి. గ్లాసు ఖాళీ చేశాను. దిగిన గుక్క గుక్కకీ ఒక్కో నురగ గీత గోడ మీద మిగిలింది. బల్ల మీద పెట్టాను, ఎలా ఉన్నది అలా. చెయ్యి తీసేశాను.

ఓనరమ్మ నోట్లోంచి గోరు తీసింది. గొట్టాలాయన అల్లుడి వీపు మీద తడిచేత్తో చరిచాడు. వాడు నవ్వాడు, నవ్వనీ.

"ఏమైంది?" అంది ఫోను. "ఎలా ఉంది?"

అందరూ నా వంక చూశారు. గ్లాసు చూపించి ఊరుకోవడానికి ఆవిడ ఇక్కడ లేదు.

"చివర కాస్త చేదు ఎక్కువైంది," అన్నాను.

"కానీ?"

కానీ అని నేను అన్లేదు. అన్లేదని ఆవిడకీ తెలుసు.

"కానీ గ్లాసు నిలబడే ఉంది," అన్నాను. "సాయంత్రం అటు తెస్తాను. కడగాలి."